సిరొంచ సీమకు పాట వచ్చిన త్రోవలు

ఒక సీమ చరిత్రను రాజుల పేర్లతోను, జిల్లాల సరిహద్దులతోను వ్రాయుట పరిపాటి. ఆ సీమలోని జనులు ఏ పాటలు వినిరి, ఆ పాటలు వారి చెవికి ఏ త్రోవన వచ్చినవి, వారి అభిరుచి ఎప్పుడెప్పుడు ఏ కారణమున మారినది అను సంగతులు గ్రంథముల కెక్కుట అరుదు. అయినను మనవంటి వారికి ఈ సంగతులు ముఖ్యములు. మనము కదలక కూర్చుండగా సరిహద్దులే మన చుట్టును కదలినవి. బడి చదువు మరాఠీలో సాగినది. కచేరీ కాగితము మరాఠీలో నడచినది. మన ఇండ్లలో తెలుగును నిలిపినది ప్రధానముగా చెవియే. కావున సిరొంచ, అంకీస, ఆసరెల్లి మొదలు అహేరి, ఆలాపల్లి వరకు గల తెలుగు కుటుంబములు పాట విన్న చరిత్రను, నేటి సెల్‌ఫోను కాలము వరకు, మాకు తెలిసినంత మేరకు పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

మొదట సీమను గూర్చి నాలుగు మాటలు. సిరొంచ ప్రాణహితా నది తూర్పు గట్టున నున్నది. అచ్చటికి కొలది దూరమున ప్రాణహిత గోదావరిలో కలియును. సంగమమునకు ఆవలి గట్టున ఒకే పానవట్టముపై రెండు లింగములు గల కాళేశ్వర క్షేత్రము వెలసినది. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయుల కప్పగించగా, వానితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి సిరొంచ దానికి ముఖ్యస్థానమైనది. ఆనాడు భద్రాచలము సహితము ఆ జిల్లాలోని తాలూకాయే యని చెప్పినచో నేటి యువకులు ఆశ్చర్యపడుదురు. 1874లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మదరాసు రాజధానికిని, సిరొంచ చాందా జిల్లాకును చేరినవి. మధ్యపరగణాలలో నుండిన మన తాలూకా 1950లో మధ్యప్రదేశ్ అను పేరు క్రిందికిని, 1956లో బొంబాయి రాష్ట్రములోనికిని, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రములోనికిని వచ్చినది. 1982 ఆగస్టు 26వ తేదీన గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. ఆవలి గట్టు హైదరాబాదు రాజ్యముగా నుండి, 1956లో ఆంధ్రప్రదేశమై, 2014లో తెలంగాణమైనది. ఇన్ని మారులు కాగితములపై శీర్షికలు మారినను, నదికి రెండు గట్టులను పలుకబడు మాట ఒక్కటిగానే యున్నది.

మేము ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవారము. ఆవక జావక పుస్తకము వ్రాయుట మాకు నిత్యకృత్యము. వచ్చిన కాగితము ఒక గడిలోను, పోయిన కాగితము మరియొక గడిలోను నమోదు కావలెను. ఆ అలవాటు చొప్పున, పాట వచ్చిన ప్రతి త్రోవకును రెండు గళ్ళు గీచి, మనకు వచ్చినదేమి, మన యొద్దనుండి పోయినదేమి అని చూచెదము.

మొదటి త్రోవ నదియు, కాలినడకయు. వంతెన లేని ఆ కాలమున వర్షర్తువులో పడవయే గతి. ఎండకాలమున నీరు తగ్గి ఇసుక తేలినచో జనులు నడచియే ఆవలికి పోయెడివారు. పంట ఇల్లు చేరిన పిదప ఆవలి గట్టునుండి ఒగ్గుకథ చెప్పువారు వచ్చెడివారు. డోలు, తాళములు మ్రోగుచుండగా, ఒగ్గు అను డమరుకము చేతబట్టి, మల్లన్న కథయు బీరప్ప కథయు రాత్రి పొడవునను చెప్పెడివారు. మహాశివరాత్రికి కాళేశ్వరము పోయినవారు క్రొత్త భజనలు నేర్చి మరలెడివారు. భద్రాచలము మన జిల్లానుండి విడివడి నూరేండ్లు దాటినను రామదాసు కీర్తనలు మన భజన కూటములను విడువలేదు. ఈవలి అడవులలో మాడియా గోండుల రేల పాటలు వినవచ్చెడివి. ఉత్తరమున వడసా మొదలగు చోట్ల, దీపావళి పిదప రాత్రి యంతయు ఆడు ఝాడీపట్టీ మరాఠీ నాటకముల పాటలు మెల్లమెల్లగా దక్షిణమునకు దిగివచ్చెడివి. ఆ రంగస్థలమునకు చెందిన పరశురామ ఖుణేగారికి 2023లో పద్మశ్రీ వచ్చుట మన జిల్లా వారందరికిని సంతోషకరము.

ఈ త్రోవ రెండు వైపులకును నడచినది. మన ఆడుబిడ్డలు ఆవలి పల్లెలకు కోడండ్రుగా పోయి మన పాటలను వెంట గొనిపోయిరి. అచ్చటి ఆడుబిడ్డలు మన ఇండ్లకు వచ్చి తమ బతుకమ్మ పాటలను, దంపుళ్ళ పాటలను తెచ్చిరి. నాట్లు వేయు కూలీలు గట్టు మారినప్పుడెల్ల పాటయు గట్టు మారినది. ఆవక గడియు, జావక గడియు రెండును నిండిన కాలమది.

రెండవ త్రోవ గ్రామఫోను. ఆ కాలమును మేమెరుగము. పెద్దలు చెప్పగా వింటిమి. మన దేశమున 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగు గాయనీమణుల పాటలను గ్రామఫోను కంపెనీ వారు పట్టిరి. 1908లో కలకత్తాలోనే రికార్డులు అచ్చొత్తు కర్మాగారము ఏర్పడినది. ఆ పలక ఒక వైపున సుమారు 3 నిమిషములు మాత్రమే మ్రోగును. గంటసేపు సాగు రాగమును, రాత్రి యంతయు సాగు కథను దానిలో పట్టింప వీలులేదు. కావున 3 నిమిషములలో ముగియు పాటకు జనులు అలవాటుపడిరి. యంత్రము కొలత యెంతయో పాట కొలతయు అంతే యైనది. సినిమా పాట నేటికిని ఆ కొలతకు దగ్గరగానే యుండుట గమనింపదగినది. సిరొంచలో ఇట్టి పెట్టె కొలదిమంది కలప గుత్తేదారుల ఇండ్లలో మాత్రమే యుండెడిదట. అందులో మదరాసు పాట వచ్చినది, బొంబాయి పాట వచ్చినది. మన పాటను పట్టుటకు ఏ కంపెనీవారును ఈ అడవికి రాలేదు. జావక గడి మొదటిసారి ఖాళీగా మిగిలినది.

మూడవ త్రోవ రేడియో. ఇది మా బాల్యము. రేడియో కొనినవారు తపాలా కచేరీలో లైసెన్సు కట్టవలసి యుండెను. 1980ల నడుమ గాని ఆ నిబంధన తొలగలేదు. కావున ఒక ఇంట రేడియో ఉన్నచో నాలుగు ఇండ్లవారు చేరి వినెడివారు. పగటివేళ దూరపు కేంద్రములు సరిగా వినబడెడివి కావు. సూర్యకాంతి వలన ఆకాశమున ఏర్పడు ఒక పొర మధ్యతరంగములను మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ పొర సడలి, దానికి పైనున్న పొర తరంగములను మరల నేలమీదికి త్రిప్పును. ఆ కారణమున రాత్రివేళ మన అడవిలో నాగపురము, హైదరాబాదు, విజయవాడ మూడును వినవచ్చెడివి. నాగపుర కేంద్రము 1948 జూలైలోను, విజయవాడ కేంద్రము అదే సంవత్సరము డిసెంబరులోను ఆరంభమైనవి. హైదరాబాదున నిజాము కాలపు దక్కను రేడియో 1950లో ఆకాశవాణి యైనది. ఒకే పెట్టెలో మరాఠీ భావగీతమును, తెలుగు లలితగీతమును ప్రక్కప్రక్కన వినుచు పెరిగిన వారము మనము. ఇట్టి భాగ్యము పూనావారికిని లేదు, గుంటూరువారికిని లేదు.

అభిరుచి ఎట్లు మారునో తెలుపు ఒక గొప్ప ఉదాహరణము ఈ కాలముననే జరిగినది. 1952లో సమాచార ప్రసార శాఖా మంత్రియైన బి.వి. కేస్కర్ గారు శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసి, ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండ జేసిరి. వారి ఉద్దేశము మంచిదే. కాని శ్రోతలు మీట త్రిప్పి సింహళము పట్టిరి. ఆ సంవత్సరాంతముననే రేడియో సిలోనులో అమీన్ సయానీగారి బినాకా గీతమాల ఆరంభమైనది. బుధవారము రాత్రి వచ్చు ఆ కార్యక్రమమునకై దేశమంతయు చెవియొగ్గినది. చివరకు ఆకాశవాణి వారును 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని ప్రారంభించిరి. దీనిచే మనకు తెలియునదేమనగా, శ్రోత అభిరుచి ఆజ్ఞకు లొంగదు, అందుబాటునకు లొంగును. ఏది సులువుగా చెవిని బడునో దానినే జనులు కొన్నాళ్ళకు తమ ఇష్టమనుకొందురు. ఈ సూత్రము నేటి యంత్రములకును వర్తించును గనుక పాఠకులు గుర్తుంచుకొనవలెను.

నాలుగవ త్రోవ క్యాసెట్టు. హాలండు దేశపు ఫిలిప్సు కంపెనీ 1963లో దీనిని వెలువరించినది. మన దేశమున 1980లలో ఇది వెల్లువగా వచ్చినది. అంతవరకు రికార్డుల వ్యాపారము ఒకటి రెండు పెద్ద కంపెనీల చేతిలో నుండగా, క్యాసెట్టు చవుక యగుటచే చిన్న ఊళ్ళ వ్యాపారులును పాటలు పట్టి అమ్మజొచ్చిరి. ఉత్తర దేశమున జరిగిన ఈ మార్పును గూర్చి పీటర్ మాన్యుయెల్ అను అమెరికా పండితుడు 1993లో ఒక గ్రంథమే వ్రాసెను. మనవైపున ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, ఘంటసాలగారి భగవద్గీత, గణపతి ఉత్సవములకు మరాఠీ ఆరతులు అన్నియు సంతలో దొరకెను. కోరిన పాటల పట్టీ వ్రాసి దుకాణములో ఇచ్చినచో 60 నిమిషముల క్యాసెట్టులోగాని, 90 నిమిషముల క్యాసెట్టులోగాని నింపి ఇచ్చెడివారు. రీలు బయటికి వచ్చినచో పెన్సిలు దూర్చి చుట్టుట మనలో నెరుగని వారెవరు? ఎవరో ఇచ్చినది వినుటనుండి, కోరినది వినుటకు ఇది మొదటి మెట్టు. అయినను క్యాసెట్టునకు వరంగల్లు, కరీంనగరము కథకుల గొంతు ఎక్కినది గాని సిరొంచ గొంతు ఎక్కలేదు.

పిదప సి.డి. వచ్చినది. జర్మనీ దేశపు ఇంజనీరులు పాటను కుదించు పద్ధతి నొకదానిని రూపొందింపగా, 1995లో దానికి ఎంపీ త్రీ అను పేరు స్థిరపడినది. దానితో ఒక్క బిళ్ళలో నూటికి మించిన పాటలు పట్టెను. 2000 సంవత్సరము తరువాత సెల్‌ఫోన్లు వచ్చి, గోరంత మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చు దుకాణములు వెలసినవి. కుఱ్ఱవాడు పది రూపాయలో ఇరువది రూపాయలో ఇచ్చి, దుకాణదారుడు ఏవి ఎక్కించిన అవి వినెడివాడు. ఆ దినములలో ఆ దుకాణదారుని అభిరుచియే ఊరి అభిరుచి. విచిత్రమేమనగా, పాటలు ఏ రుసుమును లేకుండ నది దాటుచుండిన ఆ కాలముననే, మన మహారాష్ట్ర నంబరు ఫోను కాళేశ్వరము గట్టు నెక్కినంతనే రోమింగు రుసుము పడెడిది.

ఇక ఐదవ త్రోవ. దీనిని స్ట్రీమింగు అందురు. పాట మన యొద్ద నుండదు. దూరమున నున్న పెద్ద కంప్యూటర్లలో నుండును. మనము మీట నొక్కగా చిన్నచిన్న తునుకలై ధారగా మన ఫోనునకు వచ్చును. యూట్యూబు 2005లో అమెరికాలో పుట్టినది. స్వీడను దేశపు స్పాటిఫై 2008లో ఐరోపాలో తెరువబడి 2019 ఫిబ్రవరిలో మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వమే సావన్, గానా మొదలగు మనదేశపు సేవలు నడచుచుండెను. అయినను మన పల్లెలకు ఈ ధార పారుటకు ముఖ్య కారణము 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్టు వెల ఒక్కసారిగా పడిపోవుటయే. అడవి లోపలి కొన్ని పల్లెలలో టవరు అందుట నేటికిని కష్టమే గాని, సిరొంచ బస్సు స్టాండులో కూర్చున్న వారిలో చెవికి తీగ లేనివారిని వెదకి పట్టవలెను.

ఈ యంత్రము పని చేయు తీరును పెద్దలు కొంత తెలిసికొనవలెను. మొదట మీకు ఏ భాషల పాటలు కావలెనని అడుగును. పిదప మనము ఏ పాట చివరివరకు వింటిమో, దేనిని నడుమ దాటవేసితిమో వ్రాసికొనుచుండును. మనము విన్న నాలుగు పాటలనే ఎచ్చటనో మరియొకడు విన్నాడనుకొనుడు. అతడు అయిదవ పాట నొకదానిని మెచ్చియుండినచో, దానిని తెచ్చి మన ముందుంచును. స్పాటిఫైవారు 2015నుండి ప్రతి సోమవారమును ఒక్కొక్క శ్రోతకును 30 పాటల పట్టీని ఈ పద్ధతిననే కూర్చి ఇచ్చుచున్నారు. పూర్వము దుకాణదారుడు చేసిన పనిని ఇప్పుడు లెక్కల యంత్రము చేయుచున్నది. దుకాణదారుడు ఊరికొక్కడు, యంత్రము మనిషికొక దుకాణము తెరచినది.

దీనివలన కలిగిన మేలును మొదట చెప్పుట న్యాయము. మేము రేడియోలో ఘంటసాలగారిని వినుచు పెరిగిన వారము. అరువది దాటిన పిదప క్రొత్త సంగీతము చెవికెక్కదని లోకులందురు. కాని భక్తిగీతములు వినుచుండగా ఒకనాడు ఈ యంత్రము పండిత భీమసేన్ జోషీగారి అభంగములను మా ముందుంచినది. వారి పేరు మేమెరుగుదుము. కూర్చుండి వినుట మాత్రము అదియే మొదలు. గదగు ప్రాంతమున 1922లో పుట్టిన కన్నడిగులు వారు. పూనాలో స్థిరపడి మరాఠీవారి హృదయములలో తుకారామును నిలిపిరి. అభంగముల వెనుకనే వారు పాడిన పురందరదాసుల కన్నడ పదములును వచ్చినవి. ఒకే గొంతు రెండు భాషలకును సొంతమగుట సరిహద్దు మనుష్యులమైన మనకు ఎంత ధైర్యము నిచ్చు సంగతి! రేడియో కాలమున దీనిని వినుటకు తగిన కేంద్రము, తగిన గంట రెండును కుదురవలసి యుండెను.

మన పిల్లల సంగతి మరింత గమనింపదగినది. పెద్దబాలశిక్షను తాకని పిల్లలు, తెలుగు అక్షరములు గుర్తింపలేని పిల్లలు, తెలుగు పాటలను ఆమూలాగ్రముగా పాడుచున్నారు. 2021 డిసెంబరులో వచ్చిన పుష్ప చిత్రపు పాటలు అయిదు భాషలలో వెలువడగా, మరాఠీ బడిలోని వారి స్నేహితులు హిందీ పాటను పాడిరి. మన పిల్లలు దాని తెలుగు మాటలకు అర్థము చెప్పి గర్వపడిరి. 2023 మార్చిలో నాటు నాటు అను పాటకు ఆస్కారు వచ్చినప్పుడు, తెలుగువాడనని చెప్పుకొనుటకు బడిలో సిగ్గుపడు పిల్లవాడు లేకపోయెను. అట్లే 2016లో వచ్చిన సైరాట్ అను మరాఠీ చిత్రమునకు అజయ్ అతుల్ సోదరులు కూర్చిన జింగాట్ పాట మన తెలుగు పెండ్లి ఊరేగింపులలో నేటికిని మ్రోగుచున్నది. ఇట్టి రాకపోకలు మన సీమకు క్రొత్త గావు. వేగము మాత్రమే క్రొత్త.

అంతేగాక, పెద్ద కంపెనీలు పట్టించుకొనని గొంతులకును ఈ కాలమున లోకము చెవియొగ్గినది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరపై కథలు పాడుకొను పేద కళాకారులు. 2021లో భీమ్లా నాయక్ చిత్రపు పాటలో వారి గొంతు వినబడగా ఫోను గల ప్రతివాడును వారిని వినెను. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2023 మార్చిలో వచ్చిన బలగం చిత్రము చివర బుడగజంగాల దంపతులు పాడిన పాటకు ఊళ్ళకు ఊళ్ళు కన్నీరు పెట్టినవి. ఒగ్గుకథకులును, శారదకథలవారును తమ కథలను తామే ఫోనుతో పట్టి యూట్యూబున నుంచుచున్నారు. దీనిని బట్టి జనుల అభిరుచి చెడిపోయినదని తొందరపడి తీర్పు చెప్పుట తగదు.

ఇక కీడును చూతము. మొదటిది, ఈ యంత్రము విన్నదానివంటి దానినే తెచ్చును. నెల దినములు ఇంట హిందీ పాటయే మ్రోగినచో, తెలుగు పాట పట్టీలో క్రిందికి జారి కొన్నాళ్ళకు కనబడకుండ పోవును. రేడియోలో మనకు రుచింపని పాటయైనను విధిగా చెవిని బడెడిది. అట్లు పడిపడి కొన్ని ప్రియములయ్యెడివి. నేడు రుచింపనిది రెండు క్షణములైన నిలువదు. పాట 30 సెకనులు సాగిననే అది విన్నట్లు స్పాటిఫైవారి లెక్క. కావున స్వరకర్తలు ఆరంభముననే శ్రోతను పట్టుకొన జూచుచున్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున 2017లో వెలువడిన ఒక పరిశోధన 1986 మొదలు 2015 వరకు ప్రసిద్ధికెక్కిన ఆంగ్ల గీతములను కొలిచి చూచినది. గొంతు వినబడుటకు ముందు వాద్యము 1980లలో సగటున 20 సెకనులకు పైగా నుండగా, చివరకు 5 సెకనులకు తగ్గినదని తేల్చినది. గ్రామఫోను పలక పాట పొడవును కత్తిరించినది. ఈ యంత్రము పాట వాకిలిని కత్తిరించినది.

రెండవ కీడు మనకు మరింత దగ్గరిది. ఈ కొట్టులో కోట్ల పాటలు గలవందురు. నిజమే. కాని ఎవరో ఒకరు పట్టి అందుంచిన పాటయే అందుండును. నోటనే బ్రతికి నోటనే యున్న పాటను ఏ యంత్రమును వెదకి తేజాలదు. మొన్నటి బతుకమ్మ దినములలో మా మనుమరాలు ఫోనులో బతుకమ్మ పాటలు వెదకినది. వందలాది పాటలు వచ్చినవి. వరంగల్లువి వచ్చినవి, హైదరాబాదు టీవీలవి వచ్చినవి, అమెరికా తెలుగువారివియు వచ్చినవి. మా మేనత్తగారు పాడు పాట మాత్రము రాలేదు. ప్రాణహిత రేవులను, గట్టు పల్లెలను వరుసగా పేరుపేరున పిలుచుచు సాగు పాట అది. తెలుగులో మరాఠీ మాటలు నాలుగు, గోండు మాటలు రెండు కలిసియున్న పాట. “తాతా, మన ఊరి పాట దీంట్ల లేదేంది?” అని పిల్ల అడిగినది. ఎవరును అందు పెట్టలేదు గనుక లేదని చెప్పితిమి.

మా మేనత్తగారికి 80 ఏండ్లు దాటినవి. ఆ పాటను మొదటినుండి చివరివరకు ఎరిగినవారు మా వాడకట్టులో ఆమె తప్ప వేరొకరు లేరు. “నేను పాడితే ఎవలు వింటరు బిడ్డా?” అని ఆమె మొదట ఒప్పుకొనలేదు. పిల్ల బతిమాలగా పెరటిలో కూర్చుండి పాడినది. నడుమ రెండు చరణములు మరచి, పొద్దుపోయిన తరువాత జ్ఞప్తికి తెచ్చుకొని మరల పాడినది. పిల్ల దానిని ఫోనున పట్టి, అత్తగారి అనుమతితో యూట్యూబున నుంచినది. విన్నవారి సంఖ్య కొలదియే. కాని ఆ కొలదిమందిలో ఆవలి గట్టుకు కోడలుగా పోయిన ఒక ఆడుబిడ్డ, తన తల్లి పాడిన చరణ మొకటి ఇందులో లేదని, దానిని తాను పాడి పంపినది. గట్టు దాటిన పాట గట్టు దాటి మరలి వచ్చినది.

ఇచ్చట మా లెక్కల పుస్తకమును మరల తెరచెదము. గ్రామఫోను, రేడియో, సినిమా, క్యాసెట్టు, మెమరీ కార్డు: ఇన్ని త్రోవలలో మనకు పాటలు బండ్లకొలది వచ్చినవి, మన పాట ఒక్కటియు బయటికి పోలేదు. నూరేండ్లపాటు ఆవక గడియే నిండినది. నదియు కాలినడకయు పోయిన పిదప, రెండు వైపులకును నడచు త్రోవ ఈ క్రొత్త యంత్రము మాత్రమే. వినుటకు ఎంత సులువో ఉంచుటకును అంతే సులువు. ఇంతటి సౌకర్యము మన తాతలకు లేదు. దీనిని వినుటకు మాత్రమే వాడుకొని, మన గడిని ఖాళీగా విడిచినచో, రేపటి మన పిల్లలు తెలుగువారుగా మిగులుదురు గాని సిరొంచ తెలుగువారుగా మిగులరు. వారి నోట సినిమా తెలుగు ఉండును. ప్రాణహిత రేవుల పేర్లుండవు.

కావున పెద్దలకును, సంఘ సభ్యులకును కొన్ని మనవులు చేయుచున్నాము. ఇంటి ఫోనులో భాషల పట్టీ అడిగినప్పుడు తెలుగును, మరాఠీని రెండింటిని గుర్తు పెట్టుడు. యంత్రము తెచ్చిన దానితో తృప్తిపడక, వారమునకు ఒక పాటనైన మీరే పేరు వ్రాసి వెదకుడు. యంత్రము మీ త్రోవ నేర్చుకొనును. పిల్లల పాటలను పెద్దలు ఒకపూట వినుడు. అప్పుడు పెద్దల పాటలను పిల్లలు వినుట సులువగును. చెవి తీగలు తీసివేసి, నలుగురు కూర్చుండి ఒకే పాటను వినుట వారమునకు ఒకమారైన జరుగవలెను.

ముఖ్యమైన మనవి మరియొకటి. మన సంఘము ఒక పాటల రిజిస్టరును తెరువవలెను. పాట రకము, పాడినవారి పేరు, ఊరు, ఎవరి యొద్ద నేర్చినది, పట్టిన తేదీ, పాడినవారి అనుమతి అని ఆరు గళ్ళు చాలును. బతుకమ్మ పాటలు, నాటు పాటలు, లాలి పాటలు, పెండ్లి పాటలు, ఏడ్పు పాటలు ఏవియు వదలరాదు. ప్రతి పాటను యూట్యూబున నుంచుటయే గాక, ఒక ప్రతిని సంఘమునందును, ఒక ప్రతిని పాడినవారి ఇంటను దాచవలెను. పెద్ద కొట్లును మూతపడుట కలదు: ఎయిర్‌టెల్ వారి వింక్ అను పాటల సేవ 2014లో ఆరంభమై, 2024లో చాలింపబడినది. ఎదుటివారి కొట్టును మన భోషాణమని నమ్మరాదు.

బతుకమ్మ పండుగ తొమ్మిది దినములు. దినమునకు ఒక ఇంటివారు తమ ఇంటి ముసలమ్మ చేత ఒక్క పాట పాడించి పట్టినను, వచ్చు పండుగ నాటికి రిజిస్టరులో తొమ్మిది పాటలు చేరును. ఆరు గళ్ళును నింపి, తేదీ వేసి, క్రమసంఖ్య ఇచ్చుట మేము చేయగల పని. ఆ పనికి మేము సిద్ధముగా నున్నాము.